కుడి ఇంజను, ఎడమ మీట

ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. నాయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటే ఇల్లంతా మూడే అనాలి. నేనూ ఆ నాయన కొడుకునే, ముక్కు మీద కోపం. విమానాలు నడపడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటినా, నా పనిని పక్కవాళ్లు సరిచూస్తే ఒళ్లు మండేది.

కాక్‌పిట్‌లో ఆపద వస్తే ఏం చేయాలో చెప్పే చెక్‌లిస్టు పుస్తకం ఒకటి ఉంటుంది. ఇంజను ఆపే ప్రతి మీట దగ్గరా అందులో ఒకే మాట: కన్ఫర్మ్. ఒకరు మీట మీద చేయి వేసి అడగాలి, రెండోవారు కళ్లారా చూసి ఔననాలి. అప్పుడే కదపాలి. నాకది చాదస్తంలా ఉండేది.

ఆ ఉదయం బెంగళూరు నుంచి లేచాం. విమానం నడుపుతున్నది నా పక్కనున్న కోపైలట్, హిందూపురంలో కిరాణా అంగడి వాళ్ల అమ్మాయి. చేరి ఏడాది కాలేదు. వాళ్ల ఊరు దాటి, పెనుకొండ కొండ కనబడుతుండగా గంట గణగణమంది. ఎర్ర దీపం వెలిగింది. కుడి ఇంజనుకు నిప్పు. వెనక నూట అరవై మంది ఉన్నారు.

విమానాన్ని నిలకడగా పట్టుకోవడం ఆమె వంతు, మీటలు నా వంతు. కుడి ఇంజనని నేనే గట్టిగా చెప్పాను. మొదటి పనులు పుస్తకం తెరవకుండా కంఠతా చేయాల్సినవి. చేయి చాచి మీట పట్టుకొని, అలవాటు కొద్దీ "కన్ఫర్మ్?" అన్నాను.

ఆమె నా చేతి వంక చూసింది.

"వద్దు సార్! అది ఎడమది, బాగుండాది. కాలతాండేది కుడిది!"

కాక్‌పిట్‌లో ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్ల! నా నోరు కుడి అంది, చేయి ఎడమ మీద ఉంది. కదిపి ఉంటే, పనిచేస్తున్న ఆ ఒక్క ఇంజనూ ఆగిపోయేది. చేయి తీసి కుడి మీట పట్టుకొని మళ్లీ అడిగాను. ఈసారి నిజంగానే అడిగాను. ఆమె ఔనన్నాక కదిపాను. మిగతా మీటలూ అలాగే, ఒక్కొక్కటీ అడుగుతూ చేశాక ఎర్ర దీపం ఆరింది.

తర్వాత పుస్తకం తెరిచి, ప్రతి కన్ఫర్మ్ దగ్గరా ఆగుతూ వరుసగా చదివాను. ఎవరు రాశారో ఏమో, నా ముఖం చూడకుండానే నా తప్పును ముందే ఊహించారు. దానికి అడ్డంగా ఒక మనిషిని కూర్చోబెట్టారు. అంతటి తెలివికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

వెనక్కి తిరిగి బెంగళూరులోనే క్షేమంగా దిగాం. సీటు బెల్టు విప్పుకుంటూ ఆ పిల్ల, "మీ మాట కాదన్నాను, తప్పుగా అనుకోవద్దండి సార్" అంది. ఇద్దరం తలుపు దగ్గరికి వచ్చాం. దిగిపోతున్న ఒక అవ్వ ఆగి, నా కుడిచేతిని కళ్లకు అద్దుకుంది.

"నీ చేతిలో దేవుడుండాడప్పా."

చేయి వెనక్కి తీసుకున్నాను.

"ఈ చెయ్యి తప్పింది అవ్వా. ఆపింది ఈ పాప."