పద్నాలుగో వరుస

మై తింగ్‌ఫా చదివింది ఊరి బళ్లో నాలుగో తరగతి. అయితేనేం, హైనాన్ తూర్పు తీరంలో ఆయనంతటి పడవ కప్తాను లేడు. ముప్పై ఎనిమిదేళ్లు దక్షిణ సముద్రం తిరిగాడు. మూడు తుపాన్లు చూశాడు, ఒక్క మనిషినీ పోగొట్టుకోలేదు. తాత చేత్తో రాసిన దారుల పుస్తకంలోని తొంభై ఆరు వరుసలూ చూడకుండా ఒప్పజెబుతాడు: సముద్రంలో ఏ పగడపు దిబ్బ నుంచి ఏ దిక్కుకు ఎన్ని జాములు వెళ్లాలో.

ఆ పుస్తకం కోసమే బీజింగ్ నుంచి ప్రొఫెసర్ ఛియావ్ వచ్చాడు.

"సార్వభౌమాధికారం అంటే ఏమీ లేదు తాతగారూ. ఇల్లు మనదైతే తలుపు తీసేదీ వేసేదీ మనమే. వందేళ్లు ఎవడుపడితే వాడు మన తలుపు తన్ని లోపలికొచ్చాడు. ఇక రానివ్వం. ఆ దిబ్బలు మనవేననడానికి మీ పుస్తకమే సాక్ష్యం."

తింగ్‌ఫా ఛాతీ పొంగింది. పరాయి గస్తీ ఓడ తన వలలు కోసేసిన రోజు ఆయనింకా మరిచిపోలేదు.

"రేపు సభ పెడుతున్నాం, ఊరందరి ముందూ మీరే ఒప్పజెప్పాలి. పద్నాలుగో వరుస మాత్రం వదిలెయ్యండి," అన్నాడు ప్రొఫెసర్.

ఆ వరుస ఇది: 'బావి దిబ్బ. తెరచాప కొయ్య విరిగింది. వియత్నాం పడవవాళ్లు నీళ్లూ బియ్యమూ ఇచ్చారు. బావి ఇద్దరిదీ.'

"ఆ నీళ్లే లేకపోతే మా తాత లేడు, నేనూ లేను కదయ్యా!"

"కాదన్నానా? మనసులో ఉంచుకోండి. 'ఇద్దరిదీ' అన్న మాట దొరికితే పరాయివాడు వదుల్తాడా? సార్వభౌమాధికారంలో వాటాలుండవు."

వంటింట్లోంచి భార్య ఆమెయ్ అందుకుంది. "ఒకటి తగ్గితే ఏం పోయిందయ్యా? రోజూ వినే నా చెవులకీ కాస్త విశ్రాంతి!"

సరేనన్నాడు తింగ్‌ఫా.

మర్నాడు సభకు ఊరంతా వచ్చింది. ఆయన గొంతు ఖంగున మోగింది. పదమూడు అయింది. పదిహేనుకి నోరు తెరిచాడు. రాలేదు. బావి దిబ్బ చేరకుండా అక్కణ్ణుంచి బయల్దేరేదెలా? వరుస తప్పితే పడవ రాళ్ల మీదేనని ఎందరు కుర్రాళ్ల నెత్తిన మొట్టాడో! మళ్లీ పదకొండు నుంచి ఎత్తుకున్నాడు. పన్నెండు, పదమూడు. అక్కడే ఆగిపోయాడు.

జనంలో ముందు కూర్చున్న ఆమెయ్ పెదాలు కదుపుతోంది: బావి దిబ్బ, బావి దిబ్బ.

తింగ్‌ఫా చూపు తిప్పుకున్నాడు. అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. మొదలెట్టింది ప్రొఫెసరే.

ఇంటి దారిలో ఆమెయ్ మెల్లగా అంది: "అందించాను కదయ్యా."

"చూశాను," అన్నాడాయన.