ఈ పెదవి నీదేనా?

ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్న సిస్టర్ మళ్లీ లేవలేదట. సోమవారం ఉదయం పళ్ల డాక్టరుగారు ఫోన్ చేసి చెప్పారు. "మీకు చెప్పాలనిపించింది" అన్నారు. నేను చేసింది తెలిసి అన్నారో, తెలియక అన్నారో.

చోడవరంలో ఆయన ఆసుపత్రి తెరిచిన నాటినుంచీ సిస్టర్ అక్కడే నర్సుగా ఉన్నారు. రావికమతం నుంచి, కె.కోటపాడు నుంచి దవడ పట్టుకుని వచ్చే ప్రతివాళ్లకీ మొదట కనిపించేది ఆవిడే. నాలుగేళ్ల కిందట నేనూ అలాగే వెళ్లాను. కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా పెరిగి ఎముకలో ఇరుక్కుంది. కోసి తియ్యాలన్నారు డాక్టరుగారు. మత్తులో మూడు రకాలున్నాయని ఓపిగ్గా వివరించారు. భయంలో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆయన అటు వెళ్లగానే సిస్టర్ నా పక్కన కూర్చున్నారు.

"ఓలమ్మా, ఏటంత ఆలోసన? సూది ఒక్కటే అయితే దవడ నిద్దరోతాది, నువ్వు మెలకువగానే ఉంటావు. నొప్పి తెలీదు గానీ నొక్కడం తెలుస్తాది. రెండోది నరానికి మందెక్కించి మగతలో ఉంచుతారు. మూడోది ఒళ్లు తెలీకుండా పడుకోబెట్టేస్తారు. ఆ రెండూ మనకాడ నేవు, వైజాగ్ ఎళ్లాల."

"మీరైతే ఏది చేయించుకుంటారు?"

"ఏదైతే ఏటి? సెయ్యి పట్టుకునే మనిషుంటే సాలు."

సూదికే ఒప్పుకున్నాను. అది సరైన నిర్ణయమో కాదో కుర్చీలో వెనక్కి వాలాక కూడా తేల్చుకోలేకపోయాను.

సూది పడిన కాసేపటికి సిస్టర్ నా కింది పెదవిని వేలితో తట్టి, "ఈ పెదవి నీదేనా?" అన్నారు. అందరినీ అదే అడిగేవారు. కాదు, పరాయిదిలా ఉందని మనిషి చెబితేనే డాక్టరుగారు పని మొదలుపెట్టేది. నా పెదవి ఇంకా సగం నాదే. బయట బెంచీ నిండా జనం, ఎంతసేపని ఆపుతాను? "కాదు" అనేశాను.

"ఆగండి డాక్టరుగారూ! ఈ అమ్మ అబద్ధమాడతంది. కాలివేళ్లు సూడండి, ఎలా ముడుసుకున్నాయో." నావైపు తిరిగి, "నోటికి మొహమాటం గానీ వేళ్లకి ఉండదమ్మా. ఇంకో సూది పడితే ఏటైపోద్ది?" అన్నారు.

ఆ తర్వాత నా చెయ్యి వదల్లేదు. పన్ను ఎప్పుడు ఊడివచ్చిందో గుర్తులేదు. ఆ చేతి గరుకు గుర్తుంది. అప్పటినుంచీ సిస్టర్ ఇంటికి వస్తూ పోతూ ఉండేదాన్ని.

రెండు నెలల కిందట సిస్టర్‌కే ఆపరేషన్, కడుపులో గడ్డ. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. వైజాగ్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. "రేపు పొద్దున్న లోపలికి తీసుకెళ్తారంట. మూడో రకం మత్తు. వస్తావేటమ్మా?"

నేను పనిచేసే కాలేజీలో పరీక్షలు, సెలవు దొరకదన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఎలాగూ తెలివుండదు కదా సిస్టర్, పక్కన ఎవరున్నదీ మీకేం తెలుస్తుంది?" అన్నాను. సెలవు నేను అడగనే లేదు.

"సర్లే అమ్మా" అన్నారు.

ఆవిడ ఇంటికి తిరిగొచ్చాక మాడుగుల హల్వా పట్టుకుని వెళ్లాను. సిస్టర్, మొన్న మళ్లీ లేవని అదే కుర్చీలో కూర్చుని ఉన్నారు, సగమైపోయి. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"తెలివొస్తంటే ఎవరో నా సెయ్యి పట్టుకున్నారమ్మా. కళ్లు తెరవనేకపోయేను. నువ్వేననుకున్నాను. నువ్వే కదా?"

అక్కడి నర్సు అయివుంటుంది. కాదని చెప్పడానికి నోరు రాలేదు. తలూపాను. ఆవిడ సంతోషం చెరపలేక ఊపానని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను. నన్ను నేను కాపాడుకోవడానికే ఊపానేమో.

సిస్టర్ చూపు నా మొహం మీంచి జారి, గచ్చు మీద నా పాదాల దగ్గర ఆగింది. చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చాను. దాచుకునే వీలు లేదు.

ఆవిడ చెయ్యి చాచి నా చెయ్యి అందుకున్నారు. నా కాలివేళ్లు వదులయ్యేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నారు.