పెదనాయన ఫాల్టు పుస్తకం

పోయిన నెల కర్నూలు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాయన పోయినాడు పాపా. పొద్దున కాఫీ తాగి కూర్చున్నాడు, అట్లనే..." అని ఆగిపోయింది. కడపలో బస్సెక్కి నేను చేరేసరికి అంతా అయిపోయింది.

ఆయన నాకు చుట్టం కాదు. నేను కర్నూల్లో కాలేజీలో పాఠాలు చెప్పిన మూడేళ్ళూ పక్కింటి పెద్దాయన. టెలిఫోన్ లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను అక్కడ ఒంటరిగా అద్దెకు దిగినప్పుడు నా దగ్గర కొత్త ల్యాప్‌టాప్ ఉండేది, వాళ్ళింట్లో కొత్తగా పెట్టించిన ఇంటర్నెట్. "ఎట్లాగూ గోడ దాటి వస్తాంది కదా, నువ్వూ వాడుకో పాపా" అని పాస్‌వర్డ్ చీటీ మీద రాసిచ్చారు.

నా ల్యాప్‌టాప్‌కు ఒక జబ్బుండేది. మూత వేస్తే నిద్రపోతుంది. సాయంత్రం నేనొచ్చి తెరిస్తే తెర వెలుగుతుంది గానీ వైర్‌లెస్ లేవదు. గోడ దగ్గర నిలబడి "పెదనాయనా, లైను పోయింది" అని ఒక్క కేక వేస్తే చాలు, గేటు చప్పుడయ్యేది. చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, చేతిలో గీతల నోటుపుస్తకం. ఆ స్క్రూడ్రైవరుకు మా ఇంట్లో ఏనాడూ పని పడలేదు. వెనకాలే పెద్దమ్మ బొరుగుల ఉగ్గాని పళ్ళెంతో వచ్చేది.

ఆయన వెంటనే చెయ్యి పెట్టేవారు కాదు. "నిద్ర లేసినోళ్ళకు ఎంబడే పని చెప్తే ఎట్ల పాపా? మొగం కడుక్కోనీ" అని రెండు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్ ముందంచున ఉన్న చిన్న వైర్‌లెస్ స్విచ్చి జరపడం. అదీ కాకపోతే వైర్‌లెస్ ఒక్కటీ ఆపి మళ్ళీ పెట్టడం. నాకేమో ఓపిక తక్కువ. నేరుగా మొత్తం రీస్టార్ట్ చేయబోతే ఆపేవారు. "అన్నీ ఒక్కసారే కదిలిస్తే ఏది చెడిందో ఎట్ల తెలుస్తాది?" ఏ రోజు ఏం చేస్తే వచ్చిందో, ఉద్యోగంలో లైను ఫాల్టులు రాసినట్టే టైముతో సహా ఆ పుస్తకంలో రాసుకునేవారు.

"తీగ తెగితే స్తంభాలెంబడి పోతే దొరుకుతాది. గాల్లో తెగితే నిచ్చెన యాడెయ్యాల?" అని ఒక్కోసారి నిజంగానే దిగులుపడేవారు.

ఒక మే నెలలో రోజూ లైను పోతుంటే, తప్పు తమ ఇంట్లోని ఇంటర్నెట్ డబ్బాదేమోనని ఆయనకు అనుమానం వచ్చింది. పెద్దమ్మ అది విని "ఈ ఎండలకు దానికీ వడదెబ్బ తగిలింటాది" అంటూ డబ్బా పక్కన ఉల్లిగడ్డ పెట్టింది. ఆయన నవ్వలేదు. పుస్తకంలో రాశారు: "ఉల్లిగడ్డ పెట్టినాము. గుణం లేదు."

అసలు కారణం చివరికి నాకే దొరికింది. కరెంటు ఆదా కోసం వైర్‌లెస్‌ను ఆపేయమని సెట్టింగుల్లో ఒక టిక్కు ఉంటుంది. అది తీసేశాను, జబ్బు పోయింది. వారం రోజులు మహా సంబరపడ్డాను. ఆ వారమంతా సాయంత్రాలు మా ఇంట్లో మాట అన్నది వినపడలేదు.

ఎనిమిదో రోజు గోడ అవతల ఆయనే నిలబడి ఉన్నారు. "ఏం పాపా, వారమాయె. లైను బాగుండాదా?" జేబులో స్క్రూడ్రైవరు. వెనక పెద్దమ్మ చేతిలో పళ్ళెం.

"ఇప్పుడే పోయింది, రా పెదనాయనా" అన్నాను.

ఆయన గేటు చుట్టి వచ్చేలోపు ఆ టిక్కు మళ్ళీ పెట్టి, మూత వేసి తెరిచాను. కడపకు బదిలీ అయ్యేదాకా, ఆ తర్వాత కూడా, దాన్ని తీయలేదు. పెద్దాయన అన్ని రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని ఉగ్గాని తిన్నాను. సిగ్గేసేది. ఈసారి వెళ్ళినప్పుడు చెప్పేయాలని అనుకుంటూనే ఉన్నాను. వెళ్ళలేదు.

పోయిన నెల, ఆయన పోయిన ఆ రోజు, తిరిగి బయల్దేరుతుంటే పెద్దమ్మ ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. "నీ లైను పుస్తకమే కదా, నీకాడనే ఉండనీ." బస్సులో తిరగేశాను. ఆ వారం దొరికింది. ఏడు వరసలు, "ఫిర్యాదు లేదు" అని. దాని కింద ఎనిమిదో రోజు:

"తప్పు దొరికింది. కరెంటు ఆదా టిక్కు. పాప తీసి, మళ్ళా పెట్టింది. అడగలేదు. రేపు కూడా పోవాల."

కంగారులో ఆ సెట్టింగుల పేజీ మూయకుండా తెర మీదే వదిలేశాను కాబోలు. కడప దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఆ టిక్కు ఇప్పటికీ తీయలేదు. సాయంత్రం వచ్చి మూత తెరుస్తాను. తెర వెలుగుతుంది, లైను రాదు. మొగం కడుక్కోనీ అని చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఆ రెండు నిమిషాల్లో వీధిలో ఏ గేటు చప్పుడైనా నా తల అటే తిరుగుతుంది.