అచ్చుతప్పు లేని డబ్బా

ముప్పై ఏళ్లుగా అచ్చుతప్పులు పట్టి బతికిన మనిషికి తన ఇంట్లో దూరిన తప్పు మాత్రం కనబడలేదు. ఈ మాట ఇప్పుడు ఆయనే అందరికీ చెప్పుకుంటున్నాడు, ఇంకెవరైనా అనేలోపు.

ఆయనది ఒకే గదిలో నడిచే ప్రెస్సు. లేబుళ్లు, కరపత్రాలు వేస్తాడు. ఒకరోజు కీళ్లనొప్పులకి మూలికల గుళికలు అమ్మే వ్యాపారి వచ్చాడు. డబ్బా మీద ఏం వేయాలో అతనికే తెలియదు.

"మీకు తెలీనిదేముంది గురువుగారూ, జనం నమ్మేట్టు మీరే రెండు ముక్కలు రాసెయ్యండి" అన్నాడు.

గురువుగారనేసరికి ఈయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "వంద శాతం మూలికలు. దుష్ఫలితాలు శూన్యం" అని రాసి, పక్కన ఒక పచ్చటి ఆకు బొమ్మ పెట్టాడు. అది ఏ చెట్టు ఆకో ఆ దేవుడికే ఎరుక, కంప్యూటర్లో దొరికింది.

విడ్డూరమేమిటంటే, అచ్చయి తళతళలాడుతూ చేతికొచ్చాక ఆ మాటలు తనవేనన్న సంగతి మరిచిపోయాడు. మూడుసార్లు ప్రూఫు చూశాడు, ఒక్క తప్పు లేదు. ఇంత శుద్ధమైన డబ్బాలో మందు మాత్రం చెడ్డదెందుకవుతుంది? వ్యాపారి ఊరికే ఇచ్చిన డబ్బాలు తీసుకెళ్లి, మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేని భార్య చేతిలో పెట్టాడు.

వారం తిరక్కుండా ఆవిడ మేడెక్కి బట్టలారేసింది. ఈయన కాలరెగరేశాడు. నాలుగు నెలలకి ఆవిడ ముఖం గుండ్రంగా ఉబ్బితే, ఒళ్లు చేసిందని మురిసిపోయాడు. చివరికి కళ్లు తిరిగి పడిపోయాక గానీ ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

ముఖం చూడగానే డాక్టరమ్మకి అనుమానమొచ్చింది. గుళికలు పరీక్షకి పంపితే నిజం బయటపడింది.

"ఇందులో స్టెరాయిడ్ కలిపారండీ, నొప్పిమాత్రల పొడి కూడా. ముఖం ఉబ్బింది అందుకే. షుగర్ నాలుగొందలు దాటింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. నేనిచ్చే మాత్రలతో మెల్లగా తగ్గించుకురావాలి. ఆ డబ్బా మాత్రం ఇక ముట్టొద్దు."

"ఉత్త మూలికలనే రాసుందండీ" అని గొణిగాడు.

"ఎవరు రాశారు?" అని అడిగింది డాక్టరమ్మ.



నెలరోజులు సిగ్గుతో చచ్చి, ఒక ఉదయం భార్య మంచం పక్కన కూర్చుని అంతా ఒప్పుకున్నాడు. అక్షరాలు తప్ప అర్థం తెలియని వెధవనని తనని తానే తిట్టుకున్నాడు. ఆవిడ నవ్వుతుందనుకున్నాడు, కనీసం కోప్పడుతుందనుకున్నాడు.

ఆవిడ ఆ మాటలు విననే లేదు. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని, "మళ్లీ అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నానండీ. ఎక్కడైనా దాచి ఉంటే, ఒక్కటంటే ఒక్కటి ఇవ్వరూ?" అని బతిమాలింది.