నల్లబడ్డ పోగులు

మంచిర్యాల నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో, తెగిన బెల్టులను పరీక్షించి రిపోర్టు రాయడం నా పని అని పక్కనున్నావిడకు చెప్పాను. వెంటనే సంచిలోంచి రబ్బరు ముక్క తీసి నా ఒళ్లో పడేసింది. గనిలో బొగ్గు మోసే బెల్టుది.

"మా ఆయన బొగ్గు ఎక్కువ పోసి తెంపిండని రాసిండ్రు. పనిల నుంచి తీసేసిండ్రు. నేను సాంచెల మీద బట్ట నేస్త సారూ. గీ పోగులు చూడుండ్రి."

తెగినచోట, రబ్బరు లోపలి బట్ట పోగులు కొన్ని తెల్లగా, ఎక్కువ భాగం బొగ్గు పట్టి నల్లగా ఉన్నాయి.

"ఒక్కనాడే తెగితే అన్నీ తెల్లగనే ఉండాలె గద. నల్లటియి ఎన్నడో తెగినయి. రాసినోనికి కండ్లు లేవా?"

ఒళ్లు మండింది. అయినా ఆ తెగిన చివరనే మళ్లీ చూశాను. తెగిన చివరను కోసి పారేసి, మిగిలిన మంచి ముక్కను మెషీన్‌లో లాగి బలం లెక్కగట్టి, అది సరిపోతే బరువు ఎక్కువై తెగిందని రాసేవాణ్ని నేను.

మర్నాడు ల్యాబులో చెత్తబుట్ట బోర్లించాను. మూడో ముక్కకే నల్లపోగులు కనిపించాయి. దాని రిపోర్టు అప్పటికే నా సంతకంతో వెళ్లిపోయింది.