తపాలా కార్డు మీద కుంకుమ

ఏనాటివాడో ఒక సముద్ర యాత్రికుడి పేరిట వేసిన స్మారక తపాలా కార్డు కోసం సికింద్రాబాద్ పోస్టాఫీసులో వరసలో నిలబడ్డాను. "జెర ఆగున్రి, ముద్ర ఆరనియ్యిన్రి" అన్నాడు గుమాస్తా. నేను దాచుకునే కార్డుల మీద మరక పడితే ఊరుకునే రకం కాదు నేను.

మహాలయ అమావాస్య నాడు అల్వాల్‌లో మా అమ్మ ఆ కార్డును పెద్దల ఫొటోల పక్కన నిలబెట్టి కుంకుమ పెట్టింది.

"ఇదేం పనమ్మా!" అని అరిచాను.

"ఓడ పనికెల్లిన మా నాన్న మరి తిరిగి రానేదు. ఒక్క ఫొటో అయినా నేదు కదరా."

కార్డు చేతిలోకి తీసుకున్నాను. యాత్రికుడి ముఖం శుభ్రంగా ఉంది. అతని వెనక ఓడలో తెరచాప తాడు లాగుతున్న గోరంత మనిషి నుదుట ఉంది, అగ్గిపుల్ల కొనతో అద్దిన బొట్టు.