అమ్మ చీరల బొంత

వాన వెలిసిన పొద్దున మా కోడలు పెట్టెలోంచి బొంత తీసి దండెం మీద వేసింది. “గీ చినిగిన బొంత ఇంకా ఎందుకత్తమ్మా?” అంది. ఎండ తగిలేసరికి దానిలోంచి పాత నూలు వాసన, ఎండిన వేపాకు వాసన కలిసి లేచాయి. ఒక మూలన జానెడు మేర కుట్లు తాగినవాడి నడకలా వంకరటింకరగా ఉంటాయి. అవి నావి. మిగతావన్నీ మా పొరుగింటి బూబమ్మవి. ఆ మూలను ముక్కుకు ఆనించుకున్నానంటే చాలు, కొత్తకోట దగ్గరి మా ఊరు, ఆమె వాకిలి, ఆమె గొంతు అన్నీ వచ్చేస్తాయి. ఆమెను ఒక్కసారి చూడాలని ఈ వయసులోనూ ప్రాణం కొట్టుకుంటుంది.

బూబమ్మ ఊరందరికీ బొంతలు కుట్టేది. ఎవరైనా పోతే వాళ్ల బట్టల్లో గట్టివి ఏరి ఆమెకివ్వడం మా ఊరి అలవాటు. ఆ బొంత ఆ ఇంటి పిల్లలు కప్పుకునేవారు. భర్త పోయిన మనిషి, ఒంటరిగా ఉండేది. బుగ్గలో ఎప్పుడూ వక్క ఉండేది కానీ మాటలో మొహమాటం ఉండేది కాదు.

నాకు ఆరేళ్లప్పుడు అమ్మకు జ్వరం వచ్చింది. నాయిన బండి కట్టి పాలమూరు దవాఖానకు తీసుకుపోయాడు, నాలుగు రోజులకు ఒక్కడే తిరిగొచ్చాడు. “మీ అమ్మ వాళ్ల తల్లిగారింటికి పోయింది. పీర్ల పండుగకు వస్తది” అంది అవ్వ, అంటే మా నాయినమ్మ. పీర్లు లేచాయి, గుండంలో నిప్పులు ఆరిపోయాయి. “దసరాకు వస్తది తియ్” అంది. నాయిన నేల చూసేవాడు. నేను రోజూ పొద్దుగూకే వేళ బండ్ల బాట పక్కన గుండురాయి మీద కూర్చునేదాన్ని. లోపల నాకొక భయం ఉండేది. జ్వరం రావడానికి ముందు రోజు అమ్మ తల దువ్వబోతే, నొప్పి పుట్టిందని దువ్వెన గుంజుకుని బావిలో పారేశాను. దానికే అలిగి పోయిందనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే అందరూ నన్నే అంటారని.

ఒక మధ్యాహ్నం బూబమ్మ వాకిట్లోకి వెళ్లేసరికి అమ్మ ఆకుపచ్చ చీర చాప మీద ముక్కలై పడి ఉంది. నాయినే చాటుగా ఇచ్చి వచ్చాడట. ఆరేళ్ల పిల్ల చీరనేం గుర్తుపడుతుందనుకున్నాడు, పాపం.

“మా అమ్మ చీర ఎందుకు చింపినవ్? అమ్మ వస్తే ఏం కట్టుకుంటది?” అని అరిచి ఆమె చెయ్యి కొరికాను.

ఆమె చెయ్యి లాక్కోలేదు. నేను వదిలేదాకా ఆగి, నన్ను ఒళ్లోకి తీసుకుంది. “మీ అమ్మ ఇంక రాదు బిడ్డా. జరమొచ్చి సచ్చిపోయింది.”

“దువ్వెన బాయిల పారేసినందుకు కాదా?”

“ఏ దువ్వెన?” అంది. అంతా చెప్పాను. బూబమ్మ నా గదవ పట్టుకుని ముఖం పైకెత్తి, “గందుకు ఎవ్వల అమ్మా పోదు. మీ అమ్మ పానమంతా నీ మీదనే ఉండె. జరమే తీస్కపోయింది, నువ్వు కాదు” అంది. వెక్కిళ్లు వచ్చేదాకా ఏడ్చాను. అన్ని నెలల్లో అదే మొదటిసారి.

నా ఏడుపు విని అవ్వ పరుగెత్తుకొచ్చింది. “పసిపోరికి గట్లెట్ల చెప్తివి బూబమ్మా? దాని గుండె పలుగదా?”

“పలిగితే పట్టుకోను మనం లేమా అక్కా? రోజూ ఆ గుండు మీద కూసోని తల్లి కోసం తొవ్వ చూస్తాంది. ఇంకెన్నేండ్లు చూడమంటవ్?”

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడింది. తన కోడలి కోసం ఆమె నా ఎదుట ఏడవడం నేను అప్పుడే చూశాను.

ఆ తర్వాత నెల రోజులు రోజూ బూబమ్మ చాప మీదే నా కాపురం. నాకూ ఒక సూది ఇచ్చింది. “ఏడుపొస్తే సూది పక్కకు పెట్టి ఏడువు. కండ్లల్ల నీళ్లుంటే వేలికి గుచ్చుకుంటది. అయినంక మళ్ల అందుకో” అనేది. ఊరుకో అని ఒక్కసారీ అనలేదు. అప్పుడప్పుడు తనే సూది పక్కన పెట్టి కళ్లొత్తుకునేది. ఆమెకూ ఒక కొడుకు పుట్టి పోయాడని చాలా కాలానికి తెలిసింది. నేను ఆమె సూది తీసి పట్టుకుని ఆగేదాన్ని. కాసేపటికి ముక్కు చీది “ఏదీ, నా సూది?” అనేది, ఇద్దరం మళ్లీ కుట్టేవాళ్లం. నా వంకర కుట్లు విప్పేస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. “గవి నీయి. ఉండనీ” అంది.

మూడేళ్లు గడిచాయి. పోలీసు చర్య అని యూనియన్ సైన్యం వచ్చిన రోజుల్లో మా చుట్టుపక్కల ముస్లింల ఇళ్లు దాడుల భయానికి ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. బూబమ్మను తీసుకుపోవడానికి ఆమె తమ్ముడు బండి తెచ్చాడు. బండెక్కే ముందు ఆమె మా ఇంటికి వచ్చింది.

“తమ్మునితోని పట్నం పోతున్న బిడ్డా.”

“మళ్ల ఎప్పుడొస్తవ్?”

పక్కనుంచి అవ్వ ఏదో చెప్పబోయింది. బూబమ్మ చెయ్యెత్తి ఆపింది. “వస్తనని అబద్ధం చెప్పలేను. నాకే తెల్వది. నువ్వు మాత్రం తొవ్వ చూడకు.”

“ఏడుపొస్తే?”

“ఏడువు. అయినంక సూది అందుకో” అని, గుడ్డపేలికకు గుచ్చిన తన సూదిని నా చేతిలో పెట్టింది.

పెద్దయ్యాక చాలా ఏళ్లు బాలవాడిలో పనిచేశాను. తల్లి దిగబెట్టి వెళ్లగానే గుక్కపెట్టే పిల్లలతో అక్కడి ఆయా “గిప్పుడే వస్తది” అనేది. నేను “పొద్దూకినంక వస్తది. అందాక ఏడుపొస్తే నా ఒళ్లె ఏడువు” అనేదాన్ని. కాసేపటికి వాళ్లే ఒళ్లోంచి దిగి ఆటకు పోయేవారు. అందరూ నన్ను మెచ్చుకునేవారు కానీ, ఆ తెలివి నాది కాదు.

సూది ఎప్పుడో తుప్పుపట్టి విరిగిపోయింది. బూబమ్మ కూడా ఏనాడో పోయి ఉంటుంది, నాకు తెలుసు. ఆమె చెప్పినవన్నీ చేశాను, ఒక్కటి తప్ప. పట్నం నుంచి, అంటే హైదరాబాదు నుంచి వచ్చే బస్సు మా ఊళ్లో ఆగితే, దిగే ముసలమ్మల ముఖాలు ఒక్కొక్కటే వెతుకుతాను. తొవ్వ చూడకంది. చూస్తూనే ఉన్నాను.